కార్తీకంలో గంగ వచ్చే గట్టు

మా మామ్మగారు బ్రతికివున్నన్నాళ్లూ ప్రతి కార్తీక పౌర్ణమికీ తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ లేపి గోపాలపురం సముద్రస్నానానికి తీసుకువెళ్లేవారు. మా బరంపురానికి గోపాలపురం పదిహేను కిలోమీటర్ల దూరమే గదా. స్నానం ముగిసి దీపాలు వదిలాక ఆవిడ దోసెడు నీళ్లు నోట పోసుకుని పుక్కిలించి ఉమ్మివేసి, ఏటేటా అదే మాట చెప్పేవారు. "చూడండిరా, మాఘస్నానంనాడు ఉన్నంత ఉప్పు ఈవేళ లేదు. కార్తీకంలో గంగ మన గట్టుకు వస్తుంది."

మేము నవ్వేవాళ్లం. అప్పటికి మాకు బడిలో భూగోళం పటం చూడటం వచ్చింది. గంగ సముద్రంలో కలిసేది వంగదేశంలో, గంగాసాగరం దగ్గర. అక్కడినుంచి గోపాలపురానికి నాలుగువందల కిలోమీటర్ల పైచిలుకు. గంగ వచ్చి మన గట్టు ఎక్కడమేమిటి? భక్తికొద్దీ అంటున్నారులే అనుకున్నాము. సముద్రంమీద బ్రతికే మన జాలరులు సముద్రాన్నే గంగమ్మ అని కొలుస్తారు గనుక, ఆ మాటే ఈవిడ ఈ విధంగా అర్థం చేసుకున్నారు కాబోలు అని కూడా తీర్మానించుకున్నాము. చదువుకున్నామనే గర్వం పద్నాలుగేళ్ల వయస్సులో మరీ ఎక్కువగా ఉంటుంది.

ఆవిడ మాటలో ఉన్నది భక్తి ఒక్కటే కాదని మాకు తెలియడానికి పాతికేళ్లు పట్టింది. తెలిసిన విధం కూడా విచిత్రమే. అది ఒక అర్జీతో మొదలైంది.

2010 నవంబరు చివరి వారంలో గోపాలపురం జాలరిపేటకు చెందిన ఒక ఫైబరు బోటు వేటకు వెళ్లి తిరిగిరాలేదు. అందులో నలుగురు మనుషులు. మూడోనాడు ఉదయం ఆ నలుగురిలో ఒకతని భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలి జాలరి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒడిషాలో ఉన్న మన తెలుగువాళ్లలో నలుగురికి ఒక గుమాస్తా ఉంటాడు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, కాగితంమీద ఇంగ్లీషు వ్రాయగలిగినవాడెవడో వాడే ఆ గుమాస్తా. జాలరిపేటలో కొంతమందికి ఆ గుమాస్తాలం మేమే. అర్జీ వ్రాయమన్నారు. వ్రాశాము. చివరిలో, ఏ దిక్కున వెతుకుతున్నారో తెలిసిందా అని అడిగాము.

ముసలాయన గొంతు పెగుల్చుకుని అన్నాడు. "సిలకవైపు ఎతుకుతున్నారంట బాబూ. ఈ నెల్లో నీరు దచ్చినానికి లాగుతాది. ఒడ్డు ఒంట అట్టుకుపోతాది. ఈలు పైకెల్లి ఎతికితే ఏటి దొరుకుతాది?"

చిలక సరస్సు మాకు ఈశాన్యాన, పూరీ దారిలో ఉన్నది. ఆ బోటు వేటకు పోయింది ఆ వైపేనని ఎవరో చెప్పారట, అందుచేత అటే వెతుకుతున్నారు. మేము అర్జీ అడుగున ఒక వాక్యం చేర్చాము: నీటివాలు దక్షిణముఖంగా ఉన్నది గనుక శ్రీకాకుళం తీరంవైపు వెదికించ ప్రార్థన. కాగితం పట్టుకుని మేమూ వాళ్లతో వెళ్లాము. ఫలానా కచేరీ అని పేరు పెట్టి చెప్పవలసిన పని లేదు. అక్కడివారు అర్జీ చదివి, ఆ చివరి వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, దీనికి ఆధారమేమిటి అని అడిగారు. ఎవరు చెప్పారు, ఏ పుస్తకంలో ఉన్నది? ముసలాయన మా ముఖం చూశాడు. మా దగ్గర జవాబు లేదు. ఆధారం లేని వాక్యం ఫైలులో ఎక్కదని ఇరవయ్యేళ్ల వయస్సునుంచి ఫైళ్లు మోసిన మాకు తెలియనిదా? తలవంచుకుని బయటికి వచ్చాము.

ఆ మరునాడు కళింగపట్నానికి కొంత దూరంలో శ్రీకాకుళం జిల్లా జాలరులకు ఆ బోటు కనబడింది. ఇంజను చెడిపోయి, నీటివాలున కొట్టుకుపోతూ ఉన్నది. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు. త్రాగేనీరు అయిపోయి ఒక రోజు గడిచిందట. గోపాలపురంనుంచి కళింగపట్నం దక్షిణంగా సుమారు నూటముప్పై కిలోమీటర్లు. ముసలాయన చెప్పిన దారే.

ఆయన్ను నమ్మనందుకు కాదు, ఆయనకు కాగితం చూపించలేకపోయినందుకు మాకు చాలాకాలం కష్టంగా ఉండిపోయింది. ఆ ఆధారమేదో వెతకాలనే పట్టుదలతో దొరికినవల్లా చదవడం మొదలుపెట్టాము. మాది మెట్రిక్యులేషను చదువు. లెక్కలున్న పేజీలు దాటవేసి, అర్థమైనది పట్టుకుని, అర్థం కానిది కాలేజీ మేష్టరొకరిని అడిగి తెలుసుకున్నాము. ఆ తెలుసుకున్నదే ఇక్కడ మన పాఠకులకు చెప్పబోతున్నాము.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. అల వేరు, పోటు వేరు, ప్రవాహం వేరు. అలలో నీరు కదలదు, కదలిక కదులుతుంది. ఒక కొబ్బరిచిప్పను సముద్రంలో వేస్తే అల వచ్చినప్పుడు పైకిలేచి దిగుతుందేగాని అలతోపాటు పరుగెత్తదు. ఆటుపోట్లు చంద్రునికి, సూర్యునికి లోబడి మన తీరంలో రోజుకు రెండేసి సార్లు వచ్చిపోతాయి. ప్రవాహం మాత్రం నది వంటిది. నీటిని నిజంగానే ఒకచోటినుంచి మరొకచోటికి మోసుకుపోతుంది. ఆ నదికి గట్లు లేవు, అంతే తేడా. అమెరికా తూర్పుతీరాన గల్ఫ్ స్ట్రీము, జపాను పక్కన కురోషియో, ఇటువంటివి పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. అవి ఏడాది పొడుగునా ఒకే దిక్కున పోతాయి. మన ఇంటిముందు పోయే ప్రవాహాన్ని గురించి మాత్రం మాకెవరూ చెప్పలేదు.

మన బంగాళాఖాతంలో, తమిళనాడు తీరంనుంచి ఆంధ్ర తీరం మీదుగా ఒడిషా తీరందాకా ఒడ్డును ఆనుకుని ఒక ప్రవాహం నడుస్తుంది. తూర్పు భారత తీర ప్రవాహమని శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. వెడల్పు సుమారు నూరు కిలోమీటర్లు. దీని విశేషమేమిటంటే, ఇది ఏటికి రెండుసార్లు వెనక్కి తిరుగుతుంది. మాఘమాసం వచ్చేసరికి ఉత్తరముఖంగా బయలుదేరి, ఫాల్గుణ చైత్రాలలో నిండుజోరుమీద నడుస్తుంది. వైశాఖం దాటాక ఆ జోరు తగ్గుతుంది. వర్షాకాలంలో దాని తీరు తికమకగా ఉంటుంది: దక్షిణ భాగంలో ఉత్తరానికి, ఉత్తర భాగంలో దక్షిణానికి పోతుంది. ఆశ్వయుజం నాటికి తీరం పొడుగునా దక్షిణముఖం పట్టి, కార్తీక మార్గశిరాలలో ఉరవడిగా నడిచి, పుష్యంలో సన్నగిల్లుతుంది. మళ్లీ మాఘంలో ఉత్తరం. ముసలాయన చెప్పిన నవంబరు అంటే కార్తీక మార్గశిరాలే.

ఈ ప్రవాహం ఎంత పెద్దదో ఊహకు అందడానికి ఒక లెక్క. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మన పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ముప్పైఅయిదు లక్షల క్యూసెక్కులు. అంటే సెకనుకు సుమారు లక్ష ఘనపు మీటర్ల నీరు. 1990 తర్వాతి సంవత్సరాలలో గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థవారు ఓడలమీద తిరిగి కొలిచినప్పుడు, చైత్రమాసపు రోజులలో ఈ తీర ప్రవాహం మోస్తున్న నీరు సెకనుకు కోటి ఘనపు మీటర్లకు దగ్గరగా వచ్చింది. ఆ మహావరద వంటివి నూరు కలిస్తే ఎంతో అంత. అది మన గోపాలపురం, విశాఖపట్నం, యానాం, చెన్నపట్నాల ముందునుంచి చప్పుడు చేయకుండా పోతూ ఉంటుంది.

ఇక్కడ చెన్నై పాఠకులు ఒక సందేహం అడగవచ్చు. మెరీనా ఇసుకను పోగుచేసింది ఈ ప్రవాహమేనా? కాదు. ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి కొట్టే అలలు ఇసుకను మెల్లగా ఉత్తరానికి నెడుతూ ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దం చివర హార్బరు గోడలు కట్టినప్పుడు ఆ ఇసుక దక్షిణంవైపు ఆగి మెరీనా అయింది. ఉత్తరాన రాయపురానికి రావలసిన ఇసుక రాక అక్కడి ఒడ్డు కోసుకుపోయింది. ఒడ్డుమీది ఇసుక ఒక కథ, దూరాన నడిచే నీరు మరొక కథ. రెంటినీ కలపగూడదు. మా గంజాం తీరంలో కూడా ఋషికుల్యా మొగదగ్గర మన తెలుగు జాలరుల ఊరు పొడంపేటను సముద్రం కోసుకుతినగా జనం లోపలికి తరలవలసివచ్చింది. ఆ సంగతి విడిగా వ్రాయదగినది.

ఈ ప్రవాహం దిక్కు మార్చడానికి గాలులే కారణమని సులభంగా చెప్పేయవచ్చు. గాలిదే ముఖ్య హస్తం, సందేహం లేదు. కాని గాలి ఎటు వీస్తే నీరు అటే పోతుందనుకుంటే పొరపాటు. నార్వే దేశస్థుడు నాన్సెన్ 1893లో తన ఓడను ఉత్తర ధ్రువపు మంచులో కావాలనే ఇరికించి మూడేళ్లు మంచుతోపాటు కొట్టుకుపోయాడు. మంచు గాలి పోయే దిక్కునగాక దానికి కుడివైపుగా ఒరిగి పోతున్నదని ఆయన గమనించాడు. స్వీడను యువకుడు ఎక్మన్ దానికి లెక్క కట్టాడు. భూమి తిరుగుతూ ఉండటంచేత భూగోళపు ఉత్తరార్ధంలో కదిలే నీరు కుడిచేతివైపుకు మళ్లుతుంది. పైపొర మొత్తం కలిపి చూస్తే గాలి దిక్కుకు సరిగ్గా కుడిపక్కకు జరుగుతుంది.

దీన్ని మన గట్టుమీద నిలబడి చూడండి. వేసవిలో గాలి నైరుతినుంచి ఈశాన్యానికి, ఒడ్డు వెంబడి వీస్తుంది. ఆ దిక్కుకు ముఖం పెట్టి నడిచేవాడికి కుడిచేతివైపున సముద్రమే. కాబట్టి పైనీరు ఒడ్డు వదిలి లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీ నింపడానికి అడుగునుంచి చల్లని నీరు పైకి ఉబికివస్తుంది. కార్తీకంలో గాలి ఈశాన్యంనుంచి. అప్పుడు నడిచేవాడికి కుడిచేతివైపున నేల. నీరు వచ్చి ఒడ్డుకు ఒత్తుకుంటుంది. అందువల్లనే అక్టోబరు నవంబరు నెలలలో మన తీరాన సముద్రమట్టం మార్చినెలకంటె జానెడుకు పైగా ఎత్తున ఉంటుంది. వేసవిలో అడుగునీరు పైకి వచ్చే ఈ వింతను విశాఖపట్నం ముందు కొలిచి చూపినది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. లాఫాండ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1952 ప్రాంతంలో వాల్తేరు వచ్చి, అక్కడి విద్యార్థులను వెంటబెట్టుకుని సముద్రంలోకి వెళ్లి నీటి వేడిని, ఉప్పును లోతులవారీగా కొలిచాడు. సముద్రశాస్త్రం మన దేశంలో బడికెక్కిన తొలిచోట్లలో వాల్తేరు ఒకటి.

మరొక ఆశ్చర్యం. మన గట్టుమీద గాలి లేకపోయినా ప్రవాహం మారవచ్చు. భూమధ్యరేఖ దగ్గర వీచిన గాలులు సముద్రంలో ఒక వెడల్పాటి ఉబ్బును లేపుతాయి. పైకి కనబడని ఆ ఉబ్బు సుమత్రా తీరం తాకి, బర్మా ఒడ్డు పట్టుకుని పైకి ప్రాకి, వంగదేశం చుట్టివచ్చి, మన తీరం వెంబడి దిగుతుంది. రోజుకు రెండువందల కిలోమీటర్ల నడక. అంటే సుమత్రా ముందు ఈ నెల వీచిన గాలికి ఫలితం మన గోపాలపురంలో పైనెల కనబడుతుంది. మన పూర్వులు గోపాలపురం రేవులో, కోరంగి రేవులో ఓడ ఎక్కి రంగూను పోయి కూలిపని చేసి తిరిగివచ్చారు. ఆ అల కూడా బర్మానుంచే తిరిగివస్తున్నదని చదివినప్పుడు మాకెందుకో నవ్వు వచ్చింది.

ఇక మామ్మగారి గంగ దగ్గరకు వద్దాము.

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ. ఇన్ని నదుల నీరు పడే సముద్రం బంగాళాఖాతం. వర్షాకాలం నాలుగు నెలలలో వచ్చే మంచినీరు ఖాతం ఉత్తరభాగంలో పైన తేలుతుంది, మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక. ప్రపంచ సముద్రాలలో కిలో నీటికి సగటున ముప్పైఅయిదు గ్రాముల ఉప్పు. వానలు వెనుకబట్టేసరికి మన ఖాతం ఉత్తరాన అది పాతికకు, ఇంకా తక్కువకు కూడా దిగిపోతుంది. ఆ నీరు తర్వాత ఎటు పోతుంది, ఎప్పుడు పోతుంది అని కచ్చితంగా చెప్పాలంటే తీరం పొడుగునా వారం వారం కొలతలు తీయాలి. అన్ని ఓడలు ఎక్కడివి? ఓడ ఒక రోజు నడవాలంటే లక్షలు ఖర్చు. ఉప్పును ఆకాశంనుంచి కొలిచే ఉపగ్రహాలు కూడా ఒడ్డు దగ్గర సరిగా చూడలేవు.

అప్పుడు జాతీయ సముద్రశాస్త్ర సంస్థవారికి ఒక సులువు తోచింది. రోజూ సముద్రంలోకి వెళ్లివచ్చేవారు జాలరులే గదా, వారికే సీసాలు ఇస్తే? 2005 నుంచి తీరంలో కొన్ని ఊళ్ల జాలరులకు సీసాలు అందజేశారు. అయిదు రోజులకొకసారి ఒడ్డుకు కొంత దూరాన సముద్రపు నీరు పట్టి, మూత బిగించి, తేదీ వేసి ఒప్పజెప్పడం వారి పని. ఆ సీసాలు ప్రయోగశాలకు చేరేవి. అక్కడ ఉప్పు కొలిచేవారు. సంవత్సరాల తరబడి ఇలాగే. ఇందులో యంత్రమేమీ లేదు. ఒక సీసా, ఒక తేదీ, మాట తప్పని మనిషి, అంతే. రిజిస్టరు నింపడంలోనే జీవితం గడుపుతున్న మాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేము. ఎండలో, వానలో, చేప పడినరోజూ పడనిరోజూ ఆ సీసా నింపిన చేతుల పేర్లు మనకు తెలియవు.

2014లో ఆ ఫలితాలు శాస్త్రపత్రికలో అచ్చయ్యాయి. వారు దానికి పెట్టిన పేరు సముద్రంలో నది. వర్షాకాలం ముగిసే రోజులలో ఖాతం ఉత్తరాన ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తేలికనీరు ఎటుపడితే అటు చెదరిపోక, ఒడ్డును ఆనుకుని సుమారు నూరు కిలోమీటర్ల వెడల్పు పట్టీగా దక్షిణానికి దిగుతుంది. ఒడిషా దాటి, ఆంధ్ర దాటి, తమిళనాడు దాటి, రెండు నెలలకు పైగా నడిచి దేశం దక్షిణపు కొసకు చేరుతుంది. దారిపొడుగునా ఉప్పునీరు కలిసి పలచన తగ్గుతూ వస్తుంది. అందుకని ఉత్తరాన కనబడినంత తేడా దక్షిణాన కనబడదు. మోసుకుపోయేది మన తీర ప్రవాహమే, కార్తీకమార్గశిరాలలో దక్షిణముఖం పట్టినప్పుడు.

గంగ, బ్రహ్మపుత్ర నీరు కార్తీకమాసంలో గోపాలపురం గట్టుకు వస్తుంది. మాఘం నాటికి ప్రవాహం మళ్లీ ఉత్తరానికి తిరుగుతుంది గనుక ఉప్పు పెరుగుతుంది. మామ్మగారు నాలుకతో చూసి చెప్పినదే సీసాలలో తేలింది. ఆవిడ 2003లో కాలం చేశారు. ఈ సంగతి ఆవిడతో చెప్పుకునే భాగ్యం మాకు లేకపోయింది. ముసలి జాలరి మాత్రం అప్పటికి ఉన్నాడు. ఆయన దగ్గరకు వెళ్లి, తాతా, ఆధారం దొరికింది అని చెప్పాము. అంతా విని, "మా ఓలు సీసాల్తో పట్టిందే గదా బాబూ, కొత్తేటి?" అన్నాడు.

ఈ మంచినీటి పొరవల్ల వాతావరణానికి జరిగేది చిన్నది కాదు. పైన తేలికనీరు, క్రింద బరువునీరు ఉంటే అవి సులభంగా కలవవు. పాలమీద మీగడ కట్టినట్లు పైపొర వేరుగా నిలిచిపోతుంది. ఎండవేడి ఆ పలుచని పొరలోనే ఆగుతుంది. అందుచేత బంగాళాఖాతం పైనీరు ఇరవైఎనిమిది డిగ్రీలకు మించి ఉండే రోజులు ఎక్కువ. తుపాను పుట్టి బలపడటానికి సుమారు ఇరవైఆరున్నర డిగ్రీలుంటే చాలునంటారు. మామూలు సముద్రంలో తుపాను తనను తానే కొంత బలహీనపరచుకుంటుంది. దాని గాలి నీటిని చిలికి అడుగు చలువను పైకి తెస్తుంది, వేడి అందక నీరసిస్తుంది. వానల తర్వాత మన ఖాతంలో ఈ చిలుకుడు అంతగా సాగదు. పైన మంచినీటి మూత ఉన్నది గనుక. ఆశ్వయుజ కార్తీకాలలో మన తీరానికి ఎందుకింత భయమో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. 1999 అక్టోబరు 29న పారాదీపు దగ్గర, 2013 అక్టోబరు 12న మా గోపాలపురం దగ్గరే ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖపట్నంమీద హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. ఫైలిన్ రాత్రి మా పెంకుటింటి సగం కప్పు లేచిపోయింది. తలుపుకు బల్ల అడ్డంపెట్టి దానికి వీపు ఆనించి ఇంట్లో మగవాళ్లమంతా వంతులవారీగా కూర్చున్నాము. ముందుగానే హెచ్చరిక అందింది గనుక లక్షలాది జనాన్ని తరలించారు. 1999లో పదివేల ప్రాణాలు పోయినచోట 2013లో పదులసంఖ్యతో గడిచింది.

దూరపు సముద్రాలు కూడా మన వానలను కదిలిస్తాయి. పెరూ దేశం ముందు సముద్రం కొన్ని ఏళ్లలో వేడెక్కుతుంది. క్రిస్మసు రోజులలో వచ్చే ఆ వేడినీటికి అక్కడి జాలరులు బాలక్రీస్తు పేరు పెట్టి ఎల్ నీన్యో అన్నారు. అటువంటి ఏళ్లలో మన నైరుతి వానలు దెబ్బతినడం కద్దు. మదరాసు రాజధానిని పీల్చిన 1876–78 నాటి మహాక్షామంలో దాని పాత్ర ఉన్నది. అయితే ప్రతిసారీ కాదు. 1997లో భారీ ఎల్ నీన్యో వచ్చినా మన వానలు మామూలుగానే కురిశాయి. హిందూమహాసముద్రంలో ఆఫ్రికావైపు నీరు వేడిగా, సుమత్రావైపు చల్లగా మారి ఆ దెబ్బను కాచిందని తర్వాత తేల్చారు.

చేపల సంగతి మన ఇంట్లో ఆడవారికి మాకంటె బాగా తెలుసు. శాస్త్రం చెప్పేది ఇంతే: సముద్రానికి ఎరువు అడుగున ఉంటుంది, వెలుతురు పైన ఉంటుంది. రెండూ కలిసినచోట కంటికి కనబడని నాచు మొలుస్తుంది. దాన్ని తిని చిన్నచేప, చిన్నచేపను తిని పెద్దచేప. మన ఖాతంలో పైనున్న మంచినీటి మూత ఎరువును పైకి రానివ్వదు గనుక అరేబియా సముద్రంతో పోలిస్తే మనది పేదసముద్రమే. మంగళూరు వైపున్న మన కర్ణాటక పాఠకులు అదృష్టవంతులు. అక్కడ వర్షాకాలంలో అడుగునీరు బాగా పైకి ఉబుకుతుంది, బజారులో బూతాయి, బంగుడె చేపలకు లోటుండదు. వారికి ఇంకొక చిన్న మాట. మన ఖాతపు తేలికనీరు సింహళాన్ని చుట్టి శీతకాలంలో వారి తీరానికి కూడా చేరుతుంది. మనం కడుక్కున్న కాళ్లనీళ్లే మీకు వస్తున్నాయని అక్కడి మా బావమరిదితో హాస్యమాడాము.

ఒక్కొక్కచోట మంచినీరే చేపను పిలుస్తుంది. శ్రావణ భాద్రపదాలలో గోదావరి ఎర్రనీరు సముద్రంలో పడగానే ఆ జాడ పట్టి పులస ఏటికి ఎదురెక్కుతుంది. దాని ధర యానాం పాఠకులే చెప్పాలి, మేము వ్రాస్తే ఎవరూ నమ్మరు.

మా ఋషికుల్యా మొగకు తాబేళ్లు వస్తాయి. చాలా ఏళ్లలో మాఘఫాల్గుణాలలో, కొద్ది రాత్రుల వ్యవధిలో లక్షల సంఖ్యలో ఒడ్డెక్కి, గొయ్యి తవ్వి, ఒక్కొక్కటి నూరుకు పైబడిన గ్రుడ్లు పెట్టి సముద్రంలోకి పోతాయి. ఇంతటి వింత అక్కడ జరుగుతున్నదని బయటి ప్రపంచం గుర్తించినది 1994లో. మన జాలరులకు ఎప్పటినుంచో తెలుసు. గ్రుడ్లు ఒకటిన్నర, రెండు నెలలలో పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. తల్లులు ఖాతంలో సుడులు పట్టుకుని తిరుగుతూ సింహళంవైపు దిగిపోతాయని, వాటి వీపులకు యంత్రాలు అంటించి ఉపగ్రహాలతో చూసి తెలుసుకున్నారు. నవంబరు నుంచి మే వరకు ఆ మొగల దగ్గర వేట నిషేధం. తాబేలు బ్రతకాలి, సరే. ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలో ఆ పేటవాళ్లే అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు కూడా ఒక ఆధారమున్న జవాబు ఎవరైనా ఇస్తే బాగుండును.

అర్జీ సంగతికి ఒక చిన్న తరువాయి ఉన్నది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఒకటి ఉన్నది. చేపలు ఎక్కడ గుమిగూడవచ్చునో ఉపగ్రహాలలో నీటివేడిని, నాచును చూసి జాలరులకు కబురుపెట్టేది వారే. 2016లో ఆ సంస్థవారు మరొక సాధనం తయారుచేశారు. ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానా రకపు బోటు తప్పిపోయిందని చెబితే, ఆనాటి గాలిని, ప్రవాహాన్ని లెక్కగట్టి ఏ ప్రాంతంలో వెతకాలో పటంమీద గీసి చూపిస్తుంది. తీరప్రాంతపు భాషలలో, తెలుగులో కూడా వాడుకోవచ్చు. సముద్రంమీద ఆధారపడిన కుటుంబాలతో పరిచయమున్న మన పాఠకులు ఈ సంగతి వారి చెవిని వేయవలెనని మనవి. బోటు బయలుదేరిన వేళ, చివరిసారి ఫోనులో మాట్లాడిన వేళ, చోటు ఇంట్లో ఒక కాగితంమీద వ్రాసిపెట్టుకోవడం మంచిది. తర్వాత ఎవరు అడిగినా ఆ కాగితమే పనికివస్తుంది.

రాబోయే కార్తీక పౌర్ణమికి మేము ఎప్పటివలె గోపాలపురం వెళ్తాము. ఈసారి రెండు సీసాలు పట్టుకుపోదామని ఉన్నది. ఒకటి ఆనాడు నింపి, మాఘ పౌర్ణమికి రెండవది నింపి, పక్కపక్కన పెట్టి పిల్లలచేత రుచి చూపించాలి. యానాంలోను, చెన్నైలోను ఉన్న పాఠకులు కూడా ఇలాగే చూసి ఏమి తేలిందో పత్రికకు ఒక కార్డు వ్రాయగలరు. యానాం వారికి గోదావరి పక్కనే గనుక కొంచెం దూరంగా ఉన్న ఒడ్డున చూడటం మంచిది. చెన్నైకి ఈ నీరు మార్గశిరందాకా చేరకపోవచ్చు, తొందరపడవద్దు. కూవం కలిసేచోట మాత్రం రుచి చూడవద్దని ప్రార్థన.